సరిహద్దులో ఆగిన పార్సిల్: కట్టని సుంకం చివరికి ఎవరి లెక్కలోకి?

మంగళగిరిలోనో గద్వాలలోనో నేసిన చీర డల్లాస్‌లోని ఇంటికి చేరేదాకా 2025 ఆగస్టు వరకు సుంకం ఊసే వచ్చేది కాదు. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్సిల్‌కు దిగుమతి సుంకం మినహాయింపు ఉండేది. 2016కు ముందు ఆ పరిమితి 200 డాలర్లే. అది పెరిగాక ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో చీరలు, పచ్చళ్లు, కొండపల్లి బొమ్మలు అమ్ముకునే చిన్న వ్యాపారులకు అమెరికా పక్క ఊరంత దగ్గరైంది. 2025 ఆగస్టు 29న ఆ మినహాయింపు అన్ని దేశాలకూ ఆగిపోయింది. చైనా, హాంకాంగ్ సరుకుకు మే 2నే ఆగింది. ఆగస్టు 27 నుంచి భారత్ సరుకుపై అదనపు సుంకం అప్పట్లో మొత్తం 50 శాతానికి చేరింది. తపాలా శాఖ ఆగస్టు 25 నుంచి అమెరికా పార్సిళ్ల బుకింగ్ ఆపేసింది. అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒక కీలకమైన మార్పు చేసింది: సుంకాన్ని బుకింగ్ కౌంటర్ దగ్గరే, పంపేవారి నుంచే ముందుగా వసూలు చేయడం.

శాతాలు రాజకీయాలతో పాటు కదులుతుంటాయి కాబట్టి పార్సిల్ పంపే రోజు రేటు ఎంతో ఆ రోజే చూసుకోవాలి. కౌంటర్ దగ్గర జరిగిన మార్పు మాత్రం ఎక్కువ కాలం నిలిచేది. సుంకం ఎప్పుడు, ఎవరి చేత కట్టిస్తారన్న ప్రశ్నను సరిహద్దు నుంచి అమ్మకం జరిగే చోటికి జరపడం ఇప్పుడు చాలా దేశాలు చేస్తున్న పని. ఆస్ట్రేలియా 2018 జూలై 1 నుంచి 1,000 ఆస్ట్రేలియన్ డాలర్ల లోపు సరుకుపై 10 శాతం జీఎస్టీని అమ్మకం సమయంలోనే వసూలు చేయిస్తోంది. ఏటా 75,000 ఆస్ట్రేలియన్ డాలర్లకు మించి అక్కడికి అమ్మేవారికి ఇది వర్తిస్తుంది. బ్రిటన్ 2021 జనవరి 1 నుంచి 135 పౌండ్ల లోపు సరుకుకు, యూరోపియన్ యూనియన్ అదే ఏడాది జూలై 1 నుంచి 150 యూరోల లోపు సరుకుకు ఇలాంటి ఏర్పాట్లే చేశాయి. ఈ మార్పును గమనించకుండా పాత పద్ధతిలో పంపేవారి పార్సిళ్లే ఇప్పుడు ఎక్కువగా ఆగుతున్నాయి.

చట్టం ఒకరిని అంటుంది, కొరియర్ ఇంకొకరిని

"సుంకం కొన్నవాళ్లే కట్టుకోవాలి" అని అమ్మకందారులు అనుకుంటారు. అందులో తప్పేమీ లేదు, కాకపోతే అది సగం నిజం. కొనుగోలుదారుతో ఉన్న ఒప్పందం ప్రకారం సుంకం వారిదే కావచ్చు. కానీ పార్సిల్ బుక్ చేసినప్పుడు కొరియర్ సంస్థతో రెండో ఒప్పందం కుదురుతుంది. దాన్ని చదివేవాళ్లు తక్కువ. డీహెచ్‌ఎల్, ఫెడెక్స్ లాంటి పెద్ద సంస్థల షరతుల్లో ఒక వాక్యం దాదాపు ఒకే అర్థంతో కనిపిస్తుంది: అందుకునేవారు సుంకం, పన్నులు కట్టకపోతే పంపినవారే బాధ్యులు. అంటే డల్లాస్‌లో తలుపు మూసుకున్న బిల్లు తిరిగి మంగళగిరికే వస్తుంది.

కొరియర్ ఫారంలో డీఏపీ, డీడీపీ అని రెండు గళ్లు ఉంటాయి. కొన్నిచోట్ల డీఏపీని ఇప్పటికీ పాత పేరుతో డీడీయూ అంటారు. డీఏపీలో సుంకం కట్టాల్సింది అందుకునేవారు, డీడీపీలో పంపేవారు. చాలామంది డీఏపీ గడిలో టిక్ పెట్టి గండం గడిచిందనుకుంటారు. అందుకునేవారు కట్టకపోతే ఆ టిక్ కాపాడదు. బిల్లును కాస్త ఆలస్యంగా, సుంకాన్ని ముందుగా తాను కట్టినందుకు కొరియర్ వేసే అడ్వాన్సు రుసుముతో కలిపి తెచ్చిపెడుతుంది, అంతే.

కొనుక్కున్నవాళ్లు ఎందుకు కట్టరు?

మోసం చేద్దామని కట్టనివాళ్లు తక్కువే. ఒక బ్రిటన్ ఆర్డర్ లెక్క వేసి చూస్తే కారణం అర్థమవుతుంది. చీర ధర 150 పౌండ్లు, పంపే ఖర్చు 20 పౌండ్లు, సుంకం రేటు 8 శాతం అనుకుందాం. 135 పౌండ్లు దాటింది కాబట్టి సుంకం, వ్యాట్ రెండూ సరిహద్దులోనే పడతాయి. 170 పౌండ్ల మీద సుంకం 13.60. సుంకం కలిపిన 183.60 మీద 20 శాతం వ్యాట్ 36.72. అందజేసే సంస్థ హ్యాండ్లింగ్ రుసుము 8 పౌండ్లు అనుకుంటే మొత్తం 58 పౌండ్లు దాటుతుంది. కొనేటప్పుడు ఈ 58 ఎక్కడా కనిపించలేదు. 150 పౌండ్ల చీర 230 పౌండ్ల దాకా అవుతుందని ముందే తెలిస్తే కొందరు మానుకునేవారు, కొందరు సరేనని కొనేవారు. డబ్బు కట్టేశాక తెలిస్తే మాత్రం ఇద్దరికీ వచ్చే అనుమానం ఒకటే, అమ్మినవాళ్లు దాచారని.

దీనికి తోడు దొంగ మెసేజ్‌ల బెడద ఒకటుంది. "మీ పార్సిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఈ లింక్ నొక్కి రుసుము కట్టండి" అనే ఎస్ఎంఎస్ ప్రపంచమంతా మోసగాళ్లు వాడే వల. ఇలాంటివి నాలుగు వచ్చిన మనిషి ఐదోది నిజమైనదైనా తొలగించేస్తాడు. గడువు దాటిపోయాక పార్సిల్ వెనక్కి బయల్దేరుతుంది. అమ్మినవాళ్ల దృష్టిలో అది "నిరాకరణ", కొన్నవాళ్ల దృష్టిలో "అసలు రాలేదు". కాబట్టి పంపిన రోజే ఏ సంస్థ పేరుతో మెసేజ్ వస్తుందో, సుమారు ఎంత కట్టమంటుందో, ట్రాకింగ్ నంబరేమిటో రాసి పంపాలి. పైసా ఖర్చు లేని ఈ పని ఆగిపోయే పార్సిళ్లలో మంచి భాగాన్ని కదిలిస్తుంది.

ఇక మూడో కారణం గురించి మన దగ్గర ఎవరూ పైకి మాట్లాడరు. "గిఫ్ట్ అని రాసి పంపండి" అన్న మాట. అడిగేది ఒక్కోసారి కొనుగోలుదారు, ఒక్కోసారి కిలో లెక్కన ఫారిన్ పార్సిళ్లు తీసుకునే సందు చివరి ఏజెంటు. అమెరికాలో 100 డాలర్ల లోపు, బ్రిటన్‌లో 39 పౌండ్ల లోపు నిజమైన కానుకలకు మినహాయింపు ఉన్నమాట వాస్తవమే. డబ్బు తీసుకుని పంపేది మాత్రం కానుక కాదు. తప్పుడు డిక్లరేషన్ బయటపడితే జప్తు, జరిమానా సంగతి అలా ఉంచినా, ఆ రాత అమ్మినవారికే ఎదురు తిరిగే సందర్భాలు మూడున్నాయి. పార్సిల్ పోతే పరిహారం రాసిన విలువకే వస్తుంది. విదేశం నుంచి వచ్చిన సొమ్ముకు సరిపోయే ఎగుమతి పత్రం ఉండదు. జీఎస్టీలో అది ఎగుమతి అమ్మకమని చూపడానికి ఆధారమూ ఉండదు. పచ్చళ్ల విషయంలో ఇంకో చిక్కు. అమెరికాకు పంపే ఆహార పదార్థాలపై అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ముందస్తు సమాచారం ఇవ్వాలి. ఇంట్లో స్వయంగా చేసి, వ్యక్తిగత కానుకగా పంపే వాటికి మినహాయింపు ఉంది. అమ్మిన ఆవకాయకు ఆ మినహాయింపు వర్తించదు.

ఆగిందని తెలిసిన వెంటనే

ట్రాకింగ్‌లో "కస్టమ్స్‌లో ఉంది" అని కనిపిస్తే అది సుంకం గొడవే అయి తీరాలని లేదు. ఇన్వాయిస్ సరిగా లేకపోవచ్చు, వస్తువు వివరణ "క్లాత్" అని ఒక్క ముక్కతో ఉండవచ్చు, అందుకునేవారి ఫోన్ నంబరులో ఒక అంకె పోయి ఉండవచ్చు. అందుకే కొనుగోలుదారును తొందరపెట్టే ముందు కొరియర్ నుంచి రాతపూర్వక కారణం, సుంకం విడమరిచిన లెక్క తెప్పించుకోవాలి.

ఆ లెక్కలో తప్పులు దొర్లడం మామూలే. డిక్లరేషన్‌లో కరెన్సీ రాయకుండా 8,000 అని వదిలేస్తే, అవతలివాళ్లు రూపాయలను డాలర్లుగా చదివే ప్రమాదం ఉంది. వస్తువు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్ కోడ్ తప్పు పడితే రేటు మారిపోతుంది. పట్టు చీర మన ఎగుమతి పట్టికలో 5007 కింద, అంటే పట్టు బట్టల శీర్షికలో వస్తుంది. కుట్టిన దుస్తుల కోడ్ వేస్తే అది వేరే వస్తువైపోతుంది. ఇలాంటి తప్పు కనిపిస్తే సరుకు విడుదలకు ముందే సవరించమని అడగడం తేలిక. కట్టేశాక వెనక్కి రాబట్టడం సుదీర్ఘ వ్యవహారం. బ్రిటన్‌లో తపాలా పార్సిళ్లకు బీఓఆర్ 286 అనే ఫారం ద్వారా కట్టిన మొత్తాన్ని సమీక్షించమని కోరవచ్చు.

లెక్క సరైనదేనని తేలాక కొనుగోలుదారుకు వాయిస్ కాల్ చేయడం కన్నా రాసి పంపడం మంచిది. తర్వాత వివాదం వస్తే రాత నిలుస్తుంది. ఇలా ఉంటే చాలు:

"నమస్తే అండీ. మీ పార్సిల్ మీ దేశానికి చేరింది. కస్టమ్స్ సుంకం కట్టాల్సి ఉన్నందున కొరియర్ ఆఫీసులో ఆగింది. వాళ్లు పంపిన బిల్లు జత చేశాను. ఫలానా తేదీలోగా కట్టకపోతే వెనక్కి పంపిస్తారు. లింక్ మీద అనుమానముంటే కొరియర్ వెబ్‌సైట్‌లో ఈ ట్రాకింగ్ నంబరు వేసి కట్టండి. మీకు ఇబ్బందిగా ఉంటే చెప్పండి, ఎలా చేద్దామో చూద్దాం."

చివరి వాక్యం మర్యాద కోసం పెట్టింది కాదు, బేరానికి తలుపు తెరవడానికి. అది ఎందుకు లాభమో కింది లెక్క చెబుతుంది.

గడువులు దేశాన్ని, సంస్థను బట్టి మారతాయి. అమెరికాలో సరుకు చేరిన 15 రోజుల్లోగా కస్టమ్స్ ఎంట్రీ (దిగుమతి పత్రాల దాఖలు) జరగకపోతే దాన్ని ప్రత్యేక గోదాముకు తరలించవచ్చు, ఆరు నెలల తర్వాత వదిలేసిన సరుకుగా పరిగణిస్తారు. చిన్న పార్సిళ్ల విషయంలో కొరియర్ సంస్థలు అంతకాలం ఆగవు. తిరిగి పంపుతాయి, లేదా పారేస్తాయి. పైగా కొన్నిచోట్ల గోదాము అద్దె రోజు లెక్కన పెరుగుతుంది. పండగ హడావుడిలో పక్కన పెట్టిన ఒక మెయిల్ పార్సిల్ విలువను మించిన బిల్లు కావడానికి ఇదే దారి.

కట్టాలా, తెప్పించాలా, వదిలేయాలా

కొనుగోలుదారు కట్టనంటే మిగిలేవి మూడు దారులు. ఉదాహరణకు ఒక చీరను పంపే ఖర్చుతో కలిపి 12,000 రూపాయలకు అమ్మారనుకుందాం. నేతకారుడికి ఇచ్చింది 7,000, కొరియర్‌కు 2,500, అడుగుతున్న సుంకం 4,500, వెనక్కి తెప్పించే ఖర్చు 4,000.

అమ్మకందారే సుంకం కడితే 2,000 నష్టం. వెనక్కి తెప్పించి డబ్బంతా తిరిగి ఇస్తే రానుపోను ఖర్చులు 6,500 పోతాయి, చీర మాత్రం చేతికొస్తుంది. వదిలేసి డబ్బు తిరిగి ఇస్తే 9,500 పోతాయి, చీరా పోతుంది. సుంకాన్ని ఇద్దరూ చెరి సగం పంచుకుంటే అమ్మకందారుకు 250 రూపాయలు మిగులుతాయి, వస్తువు చేరుతుంది, గొడవ ఉండదు. న్యాయం తనవైపు ఉందన్న పట్టుదలతో "కడితే కట్టనీ, లేకపోతే వెనక్కి రానీ" అనుకునేవాళ్లు ఎంచుకుంటున్నది తక్కువ నష్టమున్న దారి కాదు. ఈ వ్యాపారంలో ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే.

ఇదే లెక్క 800 రూపాయల పచ్చళ్ల డబ్బాకు వేస్తే పూర్తిగా తిరగబడుతుంది. తెప్పించే ఖర్చు వస్తువు ఖరీదుకు కొన్ని రెట్లు. ఆహార పదార్థం కాబట్టి తిరిగొచ్చినా అమ్మలేరు. అలాంటప్పుడు వదిలేయడమే సబబు. వస్తువు ఖరీదు తెప్పించే ఖర్చు కన్నా స్పష్టంగా ఎక్కువై, మళ్లీ అమ్ముడుపోయేదైతేనే తెప్పించాలి. 2021 ఆరంభంలో బ్రిటన్ యూరోపియన్ ఒకే మార్కెట్‌ను వీడాక అక్కడి దుకాణదారులు సరిగ్గా ఈ లెక్కే వేసుకోవాల్సి వచ్చింది. యూరప్ కొనుగోలుదారులు తిప్పికొట్టిన బట్టలను వెనక్కి తెచ్చుకోవడం కన్నా అక్కడే వదిలేయడం చవకన్న వాదన అప్పట్లో గట్టిగానే వినిపించింది.

తపాలా పార్సిల్‌తో జతచేసే ఫారంలో, అందజేయలేకపోతే వెనక్కి పంపాలా, వదిలేసినట్టు భావించాలా అని పంపేవారిని ముందే అడుగుతారు. చాలామంది ఆ గడిని కౌంటర్ ఉద్యోగికి వదిలేస్తారు. చవక వస్తువులకు రెండోది ఎంచుకుంటే తిరుగు ఖర్చు బిల్లు రాదు. కొరియర్ సంస్థల దగ్గర అయితే వదిలేస్తున్నట్టు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఫోన్‌లో చెప్పిన మాట అక్కడ లెక్కలోకి రాదు.

తెప్పించడానికి నిర్ణయించుకుంటే సొంత దేశపు కస్టమ్స్ ఎదురవుతుంది. విదేశం నుంచి వచ్చే ఏ సరుకైనా చట్టం దృష్టిలో దిగుమతే. అది మన దగ్గరి నుంచే వెళ్లిన సరుకైనా సరే. 2017 జూన్ 30 నాటి 45/2017 కస్టమ్స్ నోటిఫికేషన్ కింద, వెళ్లిన వస్తువే తిరిగొచ్చిందని రుజువు చేస్తే, మామూలుగా మూడేళ్లలోపు వస్తే, సుంకం మినహాయింపు దొరుకుతుంది. కానీ ఎగుమతి వల్ల పొందిన ప్రయోజనాన్ని వెనక్కి కట్టాలి. డ్రాబ్యాక్ (ఎగుమతిపై వెనక్కి ఇచ్చే సుంకం) తీసుకుంటే డ్రాబ్యాక్, ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీ పత్రం) మీద ఐజీఎస్టీ కట్టకుండా పంపితే ఆ ఐజీఎస్టీ. రుజువంటే మొదటి షిప్పింగ్ బిల్లు లేదా పోస్టల్ బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్, దానితో సరిపోలే వస్తు వివరణ. కొరియర్‌లో వాణిజ్య సరుకుకు ఉన్న సీఎస్‌బీ-5 అనే కొరియర్ షిప్పింగ్ బిల్లు పద్ధతిలో పంపినవారికి ఈ పత్రం ఉంటుంది. "గిఫ్ట్" అని పంపినవారు తమ చీరకే మళ్లీ దిగుమతి సుంకం కట్టాల్సిన వింత పరిస్థితిలో పడతారు.

డబ్బు తిరిగి ఇవ్వాలా?

కొనుగోలుదారు నిరాకరించాడు కాబట్టి ఏమీ ఇవ్వనక్కర్లేదనే ధీమా ప్రమాదకరం. కార్డు ద్వారా చెల్లించినవారు బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే "వస్తువు అందలేదు" అన్న మాటకు ట్రాకింగే సాక్ష్యమిస్తుంది, నిజంగానే అందలేదు కదా. అప్పుడు అమ్మకందారును నిలబెట్టేవి: డబ్బు కట్టకముందే కనిపించిన షరతు, సుంకం బాకీ ఉందని కొరియర్ ఇచ్చిన నోటీసు, పైన చెప్పినలాంటి లిఖిత సందేశాలు. మార్కెట్‌ప్లేస్‌లలో అమ్మేవారు ఆ వేదిక నియమం ఏమంటుందో వేరుగా చూసుకోవాలి, సొంత షరతు అక్కడ చెల్లకపోవచ్చు.

యూరప్ చట్టం ఇంకో అడుగు ముందుకెళ్లింది. 2011 నాటి వినియోగదారుల హక్కుల డైరెక్టివ్ ప్రకారం పన్నులతో సహా మొత్తం ధర ముందే చెప్పాలి. అదనపు ఖర్చులు కచ్చితంగా లెక్కకట్టలేకపోతే అవి ఉండవచ్చన్న సంగతైనా చెప్పాలి. చెప్పని అదనపు ఖర్చును వినియోగదారు భరించనక్కర్లేదు. వెబ్‌సైట్ అడుగున, పది పేరాల నిబంధనల మధ్య ఉన్న వాక్యాన్ని "చెప్పడం" అనలేం. ఆ వాక్యం ఉండాల్సింది చెల్లించే బటన్ పైన, వాట్సాప్ అమ్మకాల్లోనైతే క్యూఆర్ కోడ్ పంపే మెసేజ్‌లోనే: "ఈ ధరలో మీ దేశపు సుంకం, పన్నులు లేవు. సుమారు ఇంత పడవచ్చు. కట్టకుండా పార్సిల్ తిరిగొస్తే రానుపోను ఖర్చులు మినహాయించి మిగతాది తిరిగి ఇస్తాం." ఒప్పుకున్నట్టు వాళ్లు ఒక్క మాట రాస్తే అది దాచుకోవాల్సిన పత్రం.

అంతకన్నా మేలు, అసలు ఆ పరిస్థితి రానివ్వకపోవడం. అమెరికాకు ఇప్పుడు డీడీపీ తప్ప వేరే ఆలోచన పెట్టుకోకపోవడమే మంచిది. 800 డాలర్ల మినహాయింపును 2027 జూలై 1 నుంచి చట్టంలోనే రద్దు చేస్తూ అక్కడి కాంగ్రెస్ 2025లో తీర్మానించింది కాబట్టి పాత రోజులు వస్తాయని ఎదురుచూడటం వృథా. సుంకం కలిపిన ధర చూసి కొందరు వెనక్కి తగ్గుతారు. తగ్గనీ, ఆ ఆర్డర్లు ఎలాగూ సరిహద్దులో ఆగేవే. యూరప్‌కు తరచూ పంపేవారు ఐఓఎస్‌ఎస్ (యూరప్ వ్యాట్‌ను అమ్మకం సమయంలోనే వసూలు చేసే ఏర్పాటు) నమోదు ఉన్న మార్కెట్‌ప్లేస్ ద్వారా అమ్మితే 150 యూరోల లోపు పార్సిళ్లకు తలుపు దగ్గర వ్యాట్ గొడవ ఉండదు. బ్రిటన్‌కు 135 పౌండ్ల లోపు సరుకును నేరుగా వినియోగదారుకు అమ్మేవారు అక్కడి వ్యాట్ నమోదు గురించి తప్పక ఆలోచించాలి. ఏడాదికి పది చీరలు పంపేవారికి అది గిట్టదు, వారికి మార్కెట్‌ప్లేస్ దారే నయం.

పార్సిల్ చేరిపోయినా ఒక బిల్లు మిగిలి ఉండవచ్చు. పెద్ద కొరియర్ సంస్థలు చాలాసార్లు సుంకాన్ని తామే కట్టి, వస్తువు ఇచ్చేసి, వారాల తర్వాత కొనుగోలుదారుకు ఇన్వాయిస్ పంపుతాయి. చీర కట్టుకుని ఫొటో కూడా పెట్టేసిన మనిషి ఆ కాగితాన్ని పట్టించుకోకపోతే అది అమ్మకందారు ఖాతాకు బదిలీ అవుతుంది, ఒక్కోసారి నెలల తర్వాత. డీఏపీలో పంపిన ప్రతి ఆర్డర్‌కూ సుమారు సుంకమంత సొమ్మును కొరియర్ ఖాతాలో ఆ బిల్లు తీరినట్టు కనిపించేదాకా లాభంలో కలపకుండా పక్కన పెట్టాలి. సంవత్సరాంతంలో ఆడిటర్ దగ్గరికి వెళ్లే ముందు కొరియర్ పోర్టల్‌లో తీరని ఇన్వాయిస్‌ల జాబితా ఒకసారి తెరిచి చూసుకోవాలి.